కంచె లోపలి ఠాణా

జగర్గుండా తెలుగు పత్రికల్లో ఎక్కువగా జేగురుగొండ పేరుతో, అదీ ఎన్‌కౌంటర్ వార్తల్లో కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి అడవిలోకి 60 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉందీ ఊరు. ఒకప్పుడు చింతపండుకూ ఇప్పపువ్వుకూ పేరున్న సంత. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వా జుడుం కాలంలో చుట్టూ ముళ్లకంచె పడింది. శిబిరం, ఠాణా, బలగాల మకాం అన్నీ ఆ కంచె లోపలే. ఈ ప్రాంత చరిత్రను రెండు రకాలుగా చెబుతున్నారు. ప్రభుత్వం చెప్పేది రోడ్డు కథ: మావోయిస్టులు దారి తెంచారు, మేం వేశాం. హక్కుల రచనల్లో తరచు వినిపించేది తీర్పు కథ: 2011లో సుప్రీంకోర్టు సల్వా జుడుంకు అడ్డుకట్ట వేసింది, ఆ తీర్పు అమలు కాకపోవడమే ఆ తర్వాతి అన్యాయాలకు మూలం. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే రెండూ పలచగానే ఉన్నాయి. తన ఒంటి మీద జరిగిన నేరాన్ని ఒక కోయ స్త్రీ ఎవరికి చెప్పుకోవాలి, అక్కడికి ఏ దారిన చేరాలి, చేరాక ఏ భాషలో చెప్పాలి? ఈ మూడు ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. నా దృష్టిలో ఈ ఊరున్న బస్తర్ ప్రాంత మహిళల న్యాయ చరిత్ర అంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. బస్తర్‌లో ఉన్నది సైనిక ఆక్రమణ అని ఉద్యమకారులు అంటారు, ప్రభుత్వం ఒప్పుకోదు. అంతర్గత సాయుధ ఘర్షణలకు వర్తించే 1977 నాటి రెండో జెనీవా ప్రోటోకాల్‌పై భారత్ సంతకం చేయలేదు. ఇక్కడ ఉన్నది శాంతిభద్రతల సమస్యేనన్నది దాని వాదన. ఆ మాటనే తీసుకుందాం. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం కశ్మీర్‌లో, ఈశాన్యంలో అమలైంది గానీ బస్తర్‌లో లేదు. అంటే ఇక్కడ యూనిఫాం వేసుకున్నవాడిని కాపాడే ప్రత్యేక చట్టమేదీ లేదు, దేశమంతటికీ ఉన్న శిక్షాస్మృతే ఇక్కడా ఉంది. చట్టం లేకనే న్యాయం జరగలేదన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

పాత సంగతులు అందరికీ తెలిసినవే. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు, 1966లో జగదల్‌పూర్ కోటలో బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌ను పోలీసులు కాల్చి చంపడం, 1980లో ఆంధ్ర నుంచి పీపుల్స్‌వార్ దళాలు అడవిలోకి రావడం, ఆ తర్వాత ఆదివాసీ మహిళా సంఘాలు బలవంతపు పెళ్లిళ్లను ఎదిరించడం. వీటి నడుమ మరుగున పడిపోయిన ఘట్టం ఒకటుంది. 1960ల చివర బైలదిల్లా ఇనుప గనుల కోసం వచ్చిన బయటి మగవాళ్లు ఆదివాసీ యువతులను వాడుకుని వదిలేస్తుంటే, అప్పటి కలెక్టర్ బి.డి. శర్మ ఆ మగవాళ్లను పట్టుకుని వందల పెళ్లిళ్లు జరిపించారు. ఆయన నిజాయతీని శంకించేవాళ్లు లేరు. అయినా వంచించినవాడినే భర్తగా ఇచ్చి దాన్ని న్యాయమన్నారు. అంతకంటే మెరుగైనది ఆ స్త్రీలు ఏ ఠాణాలోనూ ఆశించే పరిస్థితి లేదు.

దేశంలో అత్యాచార చట్టాన్ని మార్చిన రెండు కేసులకూ ఈ నేలతో, మనతో సంబంధం ఉంది. మథుర ఈ దండకారణ్యపు అంచున, అప్పటి చంద్రపూర్ జిల్లాలో ఉండే ఆదివాసీ బాలిక. 1972లో ఆమెపై దేశాయ్‌గంజ్ ఠాణాలోనే అఘాయిత్యం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. రమీజాబీ 1978లో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో అదే అఘాయిత్యం పాలబడింది. ఆ రెండు ఆగ్రహాల నుంచి పుట్టిందే 1983 సవరణ. కస్టడీలో జరిగే అత్యాచారం అప్పుడు ప్రత్యేక నేరమైంది. ఠాణాయే నేరస్థలం కావచ్చని చట్టం ఆనాడే ఒప్పుకుంది. కానీ ఫిర్యాదుకు మొదటి మెట్టుగా మాత్రం ఆ ఠాణానే ఉంచింది.

2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైంది. శాంతి యాత్ర అని ప్రభుత్వం అర్థం చెప్పింది. గోండీ తెలిసినవాళ్లు ఆ మాటకు శుద్ధి వేట అని అర్థం చెబుతారు. దంతెవాడ యంత్రాంగం లెక్కల ప్రకారమే 644 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. వేలమందిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. ఇంకా వేలమంది గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. మనం గుత్తికోయలు అంటున్నది వాళ్లనే. శిబిరంలోని కుర్రాళ్లకు తుపాకులిచ్చి ఎస్పీవోలను (ప్రత్యేక పోలీసు అధికారులను) చేశారు. మావోయిస్టుల వైపు నుంచి కూడా కనికరం కనిపించలేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై దాడిలో 30 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. జగర్గుండా దారి తెగింది, బడి కూలింది. ఇన్ఫార్మర్లనే ముద్ర వేసి ప్రజాకోర్టుల్లో తీసిన ప్రాణాలకు ఏ అప్పీలూ లేదు. ఆ కోర్టులను స్త్రీలకు దక్కిన ప్రత్యామ్నాయ న్యాయంగా కీర్తించే రాతలతో నేను ఏకీభవించలేను.

కుంట తాలూకాలోని శంసెట్టి గ్రామ మహిళలు కొందరు ఎస్పీవోలు తమను చెరిచారని చెప్పినప్పుడు ఠాణా కేసు కట్టలేదు. వాళ్లు నేరుగా మేజిస్ట్రేటును ఆశ్రయించారు. 2009లో అరెస్టు వారంట్లు వచ్చాయి. నిందితులు పరారీలో ఉన్నారని పోలీసులు రాశారు. అదే సమయంలో వాళ్లు తమను బెదిరిస్తున్నారని ఆ మహిళలు మొత్తుకున్నారు. పరారీలో ఉన్నవాడు బెదిరించగలుగుతున్నాడంటే, అతను ఎవరి కళ్లకు కనిపించడం లేదో ఊహించుకోవచ్చు.

2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర మావోయిస్టులు 76 మంది జవాన్లను చంపారు. ఏడాది తిరక్కుండానే, 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం తగలబడ్డాయి. సుమారు 250 ఇళ్లు బూడిదయ్యాయి. ముగ్గురు స్త్రీలపై అత్యాచారం జరిగిందన్న ఆరోపణ వచ్చింది. నందిని సుందర్, రామచంద్ర గుహ, మన ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన పిటిషన్‌పై జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ 2011 జులై 5న ఇచ్చిన తీర్పు గొప్పదే. ఎస్పీవోల చేతుల్లో తుపాకులు ఉండరాదంది, మార్చి ఘటనలపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అయితే ఆ తీర్పు గురి తుపాకి మీద ఉంది. ఠాణాలో ఫిర్యాదు రాసుకునే బల్ల జోలికి అది పోలేదు. రాష్ట్రం వెంటనే సహాయక సాయుధ దళం చట్టం చేసి ఎస్పీవోలను కొత్త పేరుతో కొలువులోకి తీసుకుంది. ఇళ్ల దహనంపై అభియోగపత్రం రావడానికి 2016 అక్టోబర్ దాకా పట్టింది. తీర్పు వచ్చిన మూడు నెలలకే టీచరు సోనీ సోరి అరెస్టయ్యారు. కస్టడీలో ఆమె శరీరంలోకి చొప్పించిన రాళ్లను కోల్‌కతా ఆసుపత్రి వైద్యులు వెలికి తీశారు. ఆమె వేలెత్తి చూపిన అధికారికి 2012 గణతంత్ర దినాన శౌర్యపతకం దక్కింది. ఆమెపై పెట్టిన కేసుల్లో చివరిది 2022లో వీగిపోయింది. అందుకే 2011ను ఈ చరిత్రలో మలుపుగా నేను చూడను.

నిజమైన మలుపు 2015 చివర వచ్చింది. దాని వెనుక 2013 సవరణ ఉంది. జస్టిస్ వర్మ కమిటీ సిఫారసుల తర్వాత శిక్షాస్మృతిలో 376(2)(సి) చేరింది: ఒక ప్రాంతంలో మోహరించిన సాయుధ బలగాల సభ్యుడు ఆ ప్రాంతంలో చేసే అత్యాచారం ప్రత్యేక నేరం. ఫిర్యాదు రాసుకోని అధికారికి 166ఎ కింద జైలు. లైంగిక నేరాల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి పై అనుమతి అక్కర్లేదు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

2015 అక్టోబర్ 19 నుంచి 24 వరకు బాసగూడ వైపు పెద్దగేలూరు, చిన్నగేలూరు, గుండం, బుర్గిచెరువు గ్రామాల్లో బలగాలు మకాం వేశాయి. రోడ్డు పట్టుకుని పోతే జగర్గుండా ఆ పక్కే. లైంగిక హింసకు వ్యతిరేకంగా పనిచేస్తున్న మహిళల బృందం ఒకటి ఆ ఊళ్లకు వెళ్లింది. మహిళలు నోరు విప్పారు. వాళ్లు తమ గ్రామాలకు దగ్గరి ఠాణాకు పోలేదు. జిల్లా కేంద్రం బీజాపూర్‌కు వెళ్లారు, కలెక్టర్ ముందు చెప్పారు. నవంబర్ 1న ఎఫ్ఐఆర్ నమోదైంది. ఆ కొత్త సెక్షన్ కింద దేశంలో నమోదైన మొదటి కేసుల్లో అది ఒకటి. బాధితుల్లో ఒక మైనరు, ఒక గర్భిణి ఉన్నారు. 2016 జనవరిలో బెల్లం నేంద్ర మహిళలు వచ్చారు. రోజుల తరబడి పట్టుబట్టాక, 21న వాళ్ల ఫిర్యాదును కాగితం మీద పెట్టారు. పసిపిల్లల తల్లులమని చెప్పినవాళ్ల రొమ్ములు పిండి చూశారని ఆ ఫిర్యాదుల్లో ఉంది. దళంలో ఉన్న ఆడదానికి బిడ్డ ఉండదన్న లెక్కతో బలగాలు జరిపిన తనిఖీ అది. ఈ వాక్యం రాయడానికి చేయి రావడం లేదు. కానీ ఆ స్త్రీలు అపరిచితుల ముందు, రాని భాషలో, దుబాసీ నోట దీన్ని చెప్పుకోవలసి వచ్చింది.

మావోయిస్టుల ఒత్తిడితో పెట్టిన ఫిర్యాదులని పోలీసుల వైపు నుంచి వాదన వచ్చింది. దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. అడవిలో రెండు తుపాకుల మధ్య ఎవరి మాటా పూర్తి స్వేచ్ఛతో రాదు. అందుకే జాతీయ మానవ హక్కుల కమిషన్ నిర్ణయానికి విలువ ఉంది. అది తన సొంత బృందాన్ని పంపి వాంగ్మూలాలు తీసుకుంది. 2017 జనవరిలో, 16 మంది మహిళలు పోలీసు బలగాల చేతిలో అత్యాచారానికి, లైంగిక, శారీరక దాడికి గురయ్యారని ప్రాథమికంగా నమ్మింది. మొత్తం 37 లక్షల రూపాయల పరిహారం ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పమని రాష్ట్రాన్ని అడిగింది: 8 మందికి మూడేసి లక్షలు, ఆరుగురికి రెండేసి, ఇద్దరికి 50 వేల చొప్పున. ఇంకా సుమారు 20 మంది వాంగ్మూలాలు నమోదు కావాల్సి ఉందని, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తింపజేయలేదని ఎత్తిచూపింది.

అయితే పరిహారం వేరు, శిక్ష వేరు. ఎఫ్ఐఆర్‌లో నిందితుల స్థానంలో రాసింది గుర్తు తెలియని బలగాలని. ఏ రోజు ఏ కంపెనీ ఏ ఊరికి కదిలిందో బలగాల దగ్గర లెక్క లేకుండా పోతుందా? కేసు నిలబెట్టిన చేతులను కూడా వెంటనే విరిచారు. 2016 ఫిబ్రవరిలో జగదల్‌పూర్‌లో ఉచితంగా వాదిస్తున్న మహిళా న్యాయవాదులు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. జర్నలిస్టు మాలినీ సుబ్రమణ్యం ఊరు విడిచారు. అదే నెల 20న సోనీ సోరి ముఖాన రసాయనం పూశారు. ఊరికీ కోర్టుకూ మధ్య దారి చూపే మనుషులు ఒక్క నెలలో లేకుండా పోయారు. చట్టం మాత్రం అక్షరం చెదరలేదు.

ఇది ఛత్తీస్‌గఢ్ సంగతి మాత్రమే అని మనం చేతులు దులుపుకోలేం. విశాఖ ఏజెన్సీలో వాకపల్లి కథ ఇదే. 2007 ఆగస్టు 20న 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై ఫిర్యాదు చేశారు. హక్కుల న్యాయవాది బాలగోపాల్, మానవ హక్కుల వేదిక వెంట నిలిచినా విచారణ మొదలుకావడానికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారుల లోపాలను ఎత్తిచూపుతూ ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. అక్కడ కోర్టు ఉంది, వకీళ్లున్నారు, పత్రికలున్నాయి. అయినా దర్యాప్తు నిందితుల శాఖ చేతిలోనే ఉండిపోయింది. వాకపల్లికీ బెల్లం నేంద్రకూ నడుమ నాకు కనిపించే పోలిక ఇదే.

ఇక వర్తమానం. జగర్గుండాలో బడి 2019లో, 13 ఏళ్ల తర్వాత తెరుచుకుంది. 2025 మేలో బ్యాంకు వచ్చింది. అంతకుముందున్న గ్రామీణ బ్యాంకును 2001లో దోచుకున్నాక మూసేశారు. ఉపాధి కూలి తన చేతికి తీసుకోవడానికి రోజుల ప్రయాణం తప్పిన స్త్రీకి ఆ బ్యాంకు చిన్న విషయం కాదు. బలగాల్లోనూ ఆదివాసీ మహిళలున్నారు: దంతెవాడలో దంతేశ్వరి ఫైటర్స్, సీఆర్పీఎఫ్‌లో బస్తరియా బెటాలియన్. వాళ్లకు జీతం, గౌరవం దక్కాయి. కానీ తుపాకి పట్టిన ఆడమనిషి పక్కన ఉన్నంత మాత్రాన ఫిర్యాదుదారుకు దారి ఏర్పడదు. జగర్గుండా ఠాణా పరిధిలోని సిలింగేరులో 2021 మేలో బలగాల క్యాంపు వద్దని కూర్చున్నవాళ్లపై కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు, తొక్కిసలాటలో గాయపడ్డ ఒక గర్భిణి తర్వాత మరణించింది. ఆ ఆందోళన నడిపిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబర్‌లో నిషేధించారు. బూటకపు ఎన్‌కౌంటర్లపై హైకోర్టుకు ఎక్కిన యువతి సునీతా పొట్టం అదే ఏడాది జూన్‌లో అరెస్టయ్యారు. 2026 మార్చి 31లోగా మావోయిస్టులను తుడిచిపెడతామని కేంద్రం గడువు పెట్టుకుంది. తుపాకుల లెక్కకు గడువు పెట్టినవాళ్లు 2015 నాటి ఫిర్యాదులకు ఏ గడువూ పెట్టలేదు.

కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అంటే జగర్గుండా స్త్రీ భద్రాచలంలోనో చర్లలోనో నోరు విప్పినా కేసు కట్టాల్సిందే. ప్రతి ఏటా మిరప కోతలకు వాళ్లు మన చేలకు వస్తూనే ఉన్నారు. వాళ్ల మాట అర్థమయ్యే కోయ టీచర్లు, నర్సులు, న్యాయవాదులు ఈ ఏజెన్సీలో ఉన్నారు. ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చిన స్త్రీ పక్కన కూర్చుని దుబాసీగా నిలవమని వాళ్లను అడుగుతున్నాను.