తమ్ముడికన్నా 98 ఏళ్ళు చిన్నవాడైన అన్న

ఆ మధ్య మా వంశవృక్షం ఎక్సెల్లో ఎక్కిస్తున్నాను. తాతయ్య పుట్టినరోజు 12/6/29, చిన్నతాతయ్యది 3/9/30. తేదీల వారీగా సార్ట్ చేస్తే తాతయ్య మనవళ్ళందరి కిందకీ వెళ్ళిపోయారు. చూద్దును కదా, ఆయన 2029లో పుట్టారట! తమ్ముడు మాత్రం 1930లో బుద్ధిగా ఉన్నారు.

బగ్ అనుకునేరు, కాదు. ఎక్సెల్ 97 నుంచీ ఉన్న రూలే ఇది: 00 నుంచి 29 దాకా 2000లు, 30 నుంచి 99 దాకా 1900లు.

దీని మూలం పంచ్ కార్డుల్లో ఉంది. ఐబీఎం 1928లో తెచ్చిన కార్డుకి వరసకి 80 గళ్ళే. ఒక మనిషి వివరాలన్నీ అందులో ఇరికించాలంటే ముందున్న 19 దండగ అనిపించింది. కార్డులు పోయినా అలవాటు పోలేదు. 2000 దగ్గరపడ్డాక రెండు దారులు మిగిలాయి: ప్రతి ఫైల్లోనూ నాలుగంకెలు పెట్టడం, లేదా డేటా జోలికి పోకుండా శతాబ్దాన్ని ఊహించే రూలొకటి రాసెయ్యడం. రెండోదాని పేరు విండోయింగ్. చవక కదా, చాలాచోట్ల అదే చేశారు. వైటూకే గండం గట్టెక్కిందని మనమంతా మర్చిపోయాం. స్ప్లంక్ అనే లాగ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం రెండంకెల ఏడు 19 దాకానే తెలుసు. 2020 జనవరి 1 లోపల ప్యాచ్ వేసుకోమని ఆ కంపెనీ 2019లో కస్టమర్లకి చెప్పాల్సొచ్చింది.

పోనీ అందరి ఊహా ఒకటేనా అంటే అదీ కాదు. పైథాన్ పోసిక్స్ లెక్క పాటిస్తుంది: 69–99 అయితే 1900లు, 00–68 అయితే 2000లు. 45 అని రాస్తే మామూలు ఎక్సెల్ లెక్కలో 1945, పైథాన్‌కి 2045!

మనవాళ్ళకి ఈ చిక్కు కొత్తేం కాదు. తాతయ్య జాతకంలో శుక్ల నామ సంవత్సరం అని ఉంది. శుక్ల అరవయ్యేళ్ళకోసారి వస్తుంది: 1869, 1929, 1989. ఆయన 1989లో పుట్టలేదని నాకు తెలుసు, ఆ ఏడు నన్ను బళ్ళో వేసింది ఆయనే. ఆ సంగతి ఎక్సెల్‌కి ఎవరు చెప్తారు? శాసనాలు వేయించినవాళ్ళు చాలాసార్లు శకవర్షం అంకె వేసి, పక్కనే సంవత్సరం పేరు కూడా చెక్కించారు. రాతి మీద ఉలితో చెక్కాల్సొచ్చినా అక్షరాలు మిగుల్చుకుందామని చూడలేదు.

ఆ గడిలో 1929 అని పూర్తిగా కొట్టాక తాతయ్య పైకొచ్చారు. ఇప్పుడు నా భయం రెండోవైపు. 2030లో మెచ్యూరయ్యే డిపాజిట్లకి 30 అని కొట్టేవాళ్ళు ఉన్నారు. హద్దు 29 దగ్గరే ఉన్న మెషీన్లో అది 1930, మా చిన్నతాతయ్య పుట్టిన ఏడు. విండోస్ రీజియన్ సెట్టింగుల్లో ఆ హద్దు మార్చుకోవచ్చు, ఓసారి చూసుకోండి.