రెండు చూపుల కళ్లజోడు

నలభై దాటాక కంటిలోని కటకం క్రమంగా బిరుసెక్కుతుంది. దగ్గరి వస్తువును చూడాల్సి వచ్చినప్పుడు అది మునుపటిలా ఉబ్బలేదు. పుస్తకాన్ని చేయి చాచి పట్టుకుంటే గాని అక్షరం తేటపడని ఈ స్థితే చత్వారం. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో కళ్లజోడు పుట్టింది దీనికోసమే. అందులో బిగించినవి కుంభాకార కటకాలు, అంటే ప్లస్ పవర్ అద్దాలు. దూరం ఆననివారికి పనికొచ్చే పుటాకార కటకాలు 15వ శతాబ్దంలో వచ్చాయి. దూరానికీ దగ్గరికీ వేర్వేరు అద్దాలు కావలసిన మనిషికి మాత్రం రెండు జతలు వెంట ఉంచుకుని, తీస్తూ పెట్టుకుంటూ ఉండడం తప్ప దారి లేకపోయింది.

ఈ అవస్థ పడినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకరు. 1785 మే 23న, 79 ఏళ్ల వయసులో, పారిస్ పక్కనున్న పాసీ నుంచి మిత్రుడు జార్జ్ వాట్లీకి రాసిన ఉత్తరంలో తాను కనిపెట్టిన ఉపాయాన్ని వివరించారు. రెండు రకాల అద్దాలనూ సగానికి కోయించి, ఒక్కో సగాన్ని ఒకే చట్రంలో కలిపి బిగించారు. పై సగం దూరానికి, కింది సగం చదువుకోవడానికి. కళ్లు కాస్త పైకీ కిందికీ తిప్పితే చాలు. విందులో కూర్చున్నప్పుడు పళ్లెంలోని పదార్థమూ, బల్లకు అవతల మాట్లాడేవారి ముఖ కవళికలూ రెండూ కనిపిస్తున్నాయనీ, ముఖం కనబడితే ఫ్రెంచి మాటలు మెరుగ్గా అర్థమవుతున్నాయనీ రాశారు. ఇలాంటివి అంతకుముందే వేరెవరైనా వాడారా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలని వాదన. ఏమైనా ఈ అద్దాలు చేసే మేలును అంత స్పష్టంగా చెప్పిన తొలినాటి ఉత్తరాల్లో అదొకటి. 1824లో వీటికి బైఫోకల్ అని పేరు పెట్టిన ఇంజినీరు జాన్ ఐజాక్ హాకిన్స్ కూడా ఘనతను ఫ్రాంక్లిన్‌కే ఇచ్చారు. మధ్యదూరానికి ఇంకో పట్టీ చేర్చి 1827లో ట్రైఫోకల్‌ను తెచ్చింది కూడా హాకిన్సే.

ఆలోచన ఇంత తొందరగా దొరికినా, దాన్ని అద్దంలోకి దింపడానికి చాలా కాలం పట్టింది. సగం ముక్కలు చట్రంలో వదులయ్యేవి, అతుకు దగ్గర మురికి చేరేది. 19వ శతాబ్దం చివర్లో పెద్ద అద్దం కింది భాగాన చిన్న పలుచని బిళ్లను జిగురుతో అంటించారు. వేడికి ఆ జిగురు వదిలేసేది. 1908లో జాన్ బోర్ష్ రెండు రకాల గాజును కరిగించి ఒకటిగా అతికే పద్ధతికి పేటెంటు పొందారు. గీత సన్నబడినా అసలు లోపం అలాగే మిగిలింది. చూపు గీత దాటే క్షణంలో బొమ్మ ఉన్నట్టుండి ఎగిరినట్టు కనిపిస్తుంది. మెట్లు దిగుతూ కిందికి చూస్తే కన్ను దగ్గరి పవర్‌లో పడి మెట్టు మసకబారుతుంది.

పవర్ గీత లేకుండా మెల్లగా పెరిగే కటకానికి ఇంగ్లండులో ఓవెన్ ఏవ్స్ 1907లోనే పేటెంటు తీసుకున్నారు. అది అంగడికి రాలేదు. ఫ్రాన్స్‌లో ఎస్సెల్ సంస్థలో పనిచేసిన యువ ఇంజినీరు బెర్నార్ మెత్నాజ్ కటకంతో పాటు దాన్ని చెక్కే పద్ధతినీ రూపొందించారు. వారిలక్స్ పేరుతో 1959లో అది అమ్మకానికి వచ్చింది. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదేనని చెప్పవచ్చు. దీనికీ ఒక హద్దు ఉంది. పైనుంచి కిందికి పవర్ ఎంత వేగంగా పెరిగితే, పక్కలకు వక్రత దోషం దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని 1963లో మింక్విట్జ్ అనే శాస్త్రవేత్త గణితంతో నిరూపించారు. దుప్పటి ముడత ఒకచోట సర్దితే మరోచోట లేచినట్టు, ఆ దోషాన్ని జరపగలరే గాని పూర్తిగా తీసేయలేరు. ప్రోగ్రెసివ్ అనే ఈ అద్దాలు కొత్తగా పెట్టుకున్నవారికి పక్కకు చూస్తే నేల ఊగినట్టు అనిపించేది అందుకే.

   

కంటి వైద్యంలో మల్టీఫోకల్ కటకం, అంటే ఒకటికి మించిన దూరాలకు పనిచేసే కటకం, కంటి లోపలికే చేరింది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి శుక్లం తీసిన కంట్లో కృత్రిమ కటకం అమర్చారు. దానికి ఉన్నది ఒకే నాభి. దూరానికీ దగ్గరికీ పనికొచ్చే రకాలు 1980ల్లో మొదలయ్యాయి. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి మొదటి కటకానికి అనుమతి ఇచ్చింది. ఇవి లోపలికి వచ్చే వెలుతురును రెండు మూడు దూరాలకు పంచుతాయి. అందువల్ల కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రాత్రుళ్లు బండి నడపడం తప్పనివారు ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, ఏ రకం కటకమో నిర్ణయించుకోవాలి.