రోడ్డు ప్రమాద నష్టపరిహారం (భారతదేశం)

ఒకరి నిర్లక్ష్యం వల్ల వాహన ప్రమాదంలో గాయపడినవారికి, ప్రాణం పోతే వారి కుటుంబానికి చట్టప్రకారం దక్కే సొమ్ము ఇది. దేశంలో దీనికి తొలి ఆధారం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. 1846లో ఇంగ్లండు చేసిన చట్టమే దానికి నమూనా. అప్పటిదాకా మనిషితోపాటే దావా హక్కూ పోయేది. హక్కు వచ్చినా, సివిల్ కోర్టు ఫీజులు కట్టి ఏళ్ల తరబడి తిరగడం పేదలకు అయ్యే పని కాదు.

1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ నిబంధన 1946లో అమలైంది. 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఎంవీఓపీ నంబరుతో నడిచేవి ఈ కేసులే. అయినా డ్రైవరు తప్పు రుజువు కావాల్సిందేనని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. దెబ్బతిన్నవాడే సాక్షుల్ని వెతుక్కోవాలి! ఆ కాఠిన్యాన్ని 1982 సవరణ కొంత తగ్గించింది: తప్పెవరిదైనా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు.

ఎంత ఇవ్వాలన్నది అంతకన్నా పెద్ద చిక్కు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లో భగవాన్‌దాస్ కేసులో చెప్పిన గుణకాలనే, అంటే వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకెలనే, ఇక్కడి ట్రిబ్యునళ్లు చాలాకాలం వాడాయి. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు దేశమంతటికీ ఒకే పట్టిక ఇచ్చింది. అందులో 26–30 ఏళ్లకు గుణకం 17.

గాయాల లెక్కను తీర్చిదిద్దింది 2010 నాటి రాజ్‌కుమార్ తీర్పు. ఎడమ చెయ్యి తెగితే డాక్టరు వేసే వైకల్యం 60 శాతం కావచ్చు. అదే వడ్రంగికో, డ్రైవరుకో అయితే సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చు. కాబట్టి సర్టిఫికెట్‌లోని అంకెను కాదు, పోయిన పనిని చూడమంది కోర్టు. అలా చెయ్యి పోయిన, నెలకు 15,000 సంపాదించే ముప్పై ఏళ్ల డ్రైవరుకు సంపాదన నష్టం అనే ఒక్క పద్దు కిందే (15,000 × 12 × 17) 30,60,000 రూపాయలు వస్తాయి. వైద్యఖర్చులు, బాధకు ఇచ్చే సొమ్ము వేరు.

2019 సవరణ తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు చేసింది. క్లెయిమ్ వేయడానికి ఉండి 1994లో ఎత్తేసిన ఆరు నెలల గడువును మాత్రం మళ్లీ తెచ్చింది. ఈ రెండూ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.