పిల్లి "పారిపోవడం" ఎప్పట్నించి?

2020లో లాప్‌టాపుతో పాటు పిల్లిని కూడా బుట్టలో పెట్టుకుని హైదరాబాదు నుంచి ఏలూరు వచ్చేశాం, పవర్‌పేటలో మా పాతింటికి. నాలుగో రోజే అది పెరటి తలుపులోంచి తుర్రుమంది. మా అమ్మాయి ఒకటే ఏడుపు. నేనేమో కాలుగాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగాను. నాన్న మాత్రం పేపర్లోంచి తలెత్తకుండానే "పిల్లి పారిపోవడమేంట్రా? ఆకలేస్తే అదే వస్తుంది" అన్నారు.

ఆయన చూసిన పిల్లుల వరకూ ఆ మాట నిజమే. ఆయన తాడేపల్లిగూడెంలో ధాన్యం కొట్లో గుమాస్తాగా చేశారు. బస్తాలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు. వాటిని ఎవరూ పెంచలేదు, ఎవరూ తరమలేదు. అటు కొల్లేటి లంకల్లో అయితే ఎలుకతో బాటు ఎండబెట్టిన చేప కూడానూ. అసలు మనిషికీ పిల్లికీ ఒప్పందం కుదిరిందే అలాగ. పశ్చిమాసియాలో జనం ధాన్యం దాచుకోవడం మొదలెట్టాక, అడవిపిల్లులు ఎలుకల కోసం వచ్చి చేరాయంటారు. సైప్రస్‌లో సుమారు 9500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ఫ్రెంచి పురావస్తువేత్తలు ప్రకటించారు.

మనవాళ్ళ మాటల్లో కూడా ఉంది ఈ చరిత్ర. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటాం కదా, అంటే ఆ ఏడిళ్ళూ దానివే! ఇంక పారిపోయేదెక్కడికి? పాలు తాగేసే పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేస్తే (జూట్ మిల్లుకి పేరుపడ్డ ఊళ్ళో సంచులకేం కొదవ) మనకంటే ముందే ఇంటికొచ్చి కూర్చునేదని మా నానమ్మ చెప్పేది. కట్టుకథ అనుకునేవాణ్ణి. కానీ ఫ్రాన్సిస్ హెరిక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కూనలున్న తల్లిపిల్లిని మైలు నుంచి మూడు మైళ్ళ దూరాల్లో వదిలి చూస్తే తిరిగొచ్చిందని 1922లో రాశాడు.

మరి ఇరవైనాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండే పిల్లి ఎప్పుడొచ్చింది? నన్నడిగితే 1947 అంటాను. మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే ఆయన్ని, పిల్లి పెట్టెలోకి ఇసక కావాలని పొరుగావిడ అడిగిందట. ఈయన తేమ పీల్చే బంకమట్టి గుళికలిచ్చాడు. తర్వాత వాటినే "కిట్టీ లిట్టర్" అని సంచుల కెత్తి అమ్మాడు. అంతకుముందు ఇసకా బూడిదా వాడేవారు గానీ, ఆ కంపు భరించడం కష్టం. ఈ మట్టి పుణ్యమా అని పిల్లి అయిదో అంతస్తులో కూడా కాపురం పెట్టగలిగింది. దానితో బాటే దాని ఏడిళ్ళూ పోయి ఒక్క ఇల్లు మిగిలింది, దానికీ ఎప్పుడూ తలుపేసే ఉంటుంది.

నాన్న లెక్క తప్పిందిక్కడే. మా పిల్లికి ఏలూరు తెలీదు, వీధి తెలీదు. అలాంటిది ఊరు మీద పడి తిరగదు, దగ్గర్లోనే ఏ మూలో నక్కి, పిలిచినా పలక్కుండా ఉంటుంది. తప్పిపోయిన 1210 పిల్లుల మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. దొరికినవాటిలో నూటికి 75 తప్పించుకున్న చోటికి 500 మీటర్ల లోపే దొరికాయిట. నేనేమో ఫైర్ స్టేషన్ సెంటర్ దాకా అరుచుకుంటూ పోయాను :)

మూడో రాత్రి రెండింటికి, ఊరు సద్దుమణిగాక, ఫోను లైటుతో పక్కింటివాళ్ళ నీళ్ళతొట్టి కింద చూస్తే రెండు కళ్ళు మెరిశాయి. మా గుమ్మానికి ముప్ఫై అడుగులు కూడా లేదు. పట్టుకోబోతే ఇంకా లోపలికి పోయింది. అమ్మ వచ్చి, అది పడుకునే పాత చీరముక్కా, ఒక కొల్లేటి ఎండుచేపా గుమ్మంలో పెట్టి, తలుపు తీసి, నన్ను దూరంగా కూర్చోమంది. అరగంటకి పొట్ట నేలకానించి పాక్కుంటూ వచ్చింది. (చేప వాసనకే పెట్టాం, అంత ఉప్పు పిల్లికి పడదు.)

మర్నాడు కిటికీలకి జాలీ కొట్టించాం. అన్నం పెట్టేముందు మా అమ్మాయి తాడుముక్కతో దాన్ని పది నిమిషాలు వేటాడిస్తుంది, వేటాడాక తినడం దాని పద్ధతి కదా. గోళ్ళు గీసుకోడానికి ఒక స్తంభానికి గోనెపట్టా చుట్టాం, లేకపోతే హాల్లో ఉన్న ఏలూరు తివాచీకి మూడేది. కిటికీ పక్కన ఎత్తుగా ఒక చెక్క మాత్రం నాన్నే స్వయంగా కొట్టారు. పొద్దున్నే ఆయన పేపరు చదువుతుంటే అది దానిమీద కూర్చుని వీధిపిల్లుల్ని చూస్తుంటుంది. పెరటి తలుపు గొళ్ళెం వేశానో లేదో ఇప్పుడు నాకంటే ముందు ఆయనే చూస్తారు.