ప్రత్యేక అవసరాల పిల్లల విద్యా ప్రణాళిక సమావేశం: సిద్ధపరచవలసిన పత్రాలు

సమగ్ర శిక్షా సహిత విద్యా విభాగంలో ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రూపొందించబడుతుంది. తల్లిదండ్రులు, తరగతి ఉపాధ్యాయుడు, భవిత కేంద్రం రిసోర్స్ ఉపాధ్యాయుడు దీనిపై చర్చించే వేళకు పత్రాలు సక్రమంగా లేనిచో నిర్ణయాలు వాయిదా పడి, బిడ్డ విద్యా సంవత్సరంలో కొంత భాగం నష్టపోవలసి వస్తుంది.

ప్రధానమైనది వైకల్య ధ్రువీకరణ పత్రం. రాష్ట్రంలో 2010లో సదరం విధానం ప్రారంభమైంది. 2021 జూన్ 1 నుండి ఈ పత్రాలు యు.డి.ఐ.డి. పోర్టల్ ద్వారానే జారీ కావలసి ఉంది. తాత్కాలిక పత్రమైతే గడువు తేదీని ముందుగా సరిచూసుకోవాలి. ఆధార్, పాఠశాల ప్రవేశ రిజిస్టరు, ధ్రువపత్రం మూడింటిలోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ, సీతంపేట మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోను, రాజాం మండలం విజయనగరం జిల్లాలోను చేరాయి. ఈ ప్రాంతాల పాత పత్రాలలో పూర్వపు జిల్లా పేరు ఉండటం సహజం; ఆ కారణంగా వాటిని తిరస్కరించడం సమంజసం కాదు.

నలభై శాతం వైకల్యం లేనిదే పాఠశాలలో ఏ సదుపాయమూ వర్తించదన్న అభిప్రాయం సరికాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ఉచిత విద్యకు ఆ పరిమితి ఉన్నది గాని, విద్యాసంస్థల బాధ్యతలను తెలిపే 16వ సెక్షన్‌లో లేదు. విద్యార్థి ప్రగతిని పర్యవేక్షించడం కూడా ఆ బాధ్యతలలో ఒకటి.

అయితే శాతం తెలిపే పత్రం బిడ్డకు ఏమి నేర్పాలో చెప్పదు. గత సంవత్సరపు ప్రణాళిక, నోటు పుస్తకాల నమూనాలు, ఫిజియోథెరపీ హాజరు, వినికిడి లేదా కంటి పరీక్షల నివేదికలను తేదీల వారీగా అమర్చాలి. బిడ్డ ఇంటి వద్ద స్వయంగా చేసుకోగల పనులను తల్లిదండ్రులు ఒక పేజీలో వ్రాసి ఇవ్వడం మిక్కిలి ఉపయోగకరం. వ్రాయలేని వారు చెప్పగా ఉపాధ్యాయుడు నమోదు చేయవచ్చు. సీతంపేట, కురుపాం ప్రాంతాల్లో సవర, కువి, ఇచ్ఛాపురం పరిసరాల్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఇంటి భాషను తప్పక పేర్కొనాలి. తెలుగు రాకపోవడాన్ని బుద్ధిమాంద్యంగా పొరబడే ప్రమాదం ఇందువలన తప్పుతుంది.

పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు అసలు పత్రాలను తమ వద్దనే ఉంచుకొని, సమావేశంలో జెరాక్స్ ప్రతులను మాత్రమే అందజేయాలి. సంతకాలు, తేదీ గల ప్రణాళిక ప్రతిని అదే రోజు తీసుకోవాలి. వేరొక ఊరి పాఠశాలలో చేర్చినపుడు, పదవ తరగతి పరీక్షలకు అదనపు సమయం లేదా లేఖకుని సహాయం కోరినపుడు బిడ్డ పూర్వపు అవసరాలను తెలిపే ఆధారం ఆ ప్రతియే.