ధూమశకటము: పదము, పదార్థము

ధూమశకటమను పదమును మన పాఠశాలలయందు నేఁటికిని బర్యాయపదములలోఁ జెప్పుచున్నారము. రైలుబండికి అది సంస్కృతపర్యాయమని బాలురు వల్లించుచున్నారు. కాని మనదేశపుఁ బ్రధానమార్గములపై బొగ్గును గాల్చి పొగ విడుచుచు నిత్యము ప్రయాణికులను గొనిపోవు బండి నేఁడు లేదు. "ఈ బండికిఁ బొగ యెక్కడ?" అని పదియేండ్ల బాలుఁ డడిగినచో నుపాధ్యాయుఁ డేమి చెప్పవలెను? అర్థము నశించినది గావున నీ పదమును వాచకములనుండి తొలఁగింపవలెనని కొంద ఱందురు. పూర్వులు కల్పించినది గావున నిలుపవలెనని కొంద ఱందురు. ఈ వివాదము పైకి శబ్దమునకు సంబంధించినదిగాఁ దోఁచును. నిజమునకిది చరిత్రమునకు సంబంధించినది. పదార్థ మేకారణమున, ఏక్రమమున గతించెనో యెఱిఁగినఁగాని పదముయొక్క గతిని నిర్ణయింప వీలు గాదు. అందుచే ముందు పదార్థమును, పిమ్మటఁ బదమును విచారించెదను.

భారతదేశమునఁ బ్రయాణికులబండి మొదట నడచినది 1853వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన. అది బొంబాయి బోరీబందరునుండి ఠాణావఱకు సుమారు 34 కిలోమీటరులు పోయెను. దక్షిణమున 1856లో రాయపురమునుండి వాలాజారోడ్డువఱకు మార్గము తెఱవఁబడెను. తెలుఁగునేలయందు వాడినుండి సికిందరాబాదునకు 1874లోను, సికిందరాబాదునుండి బెజవాడకు 1889 నాఁటికిని నైజామురాష్ట్రపు రైలుమార్గము వచ్చెను. బెజవాడకడఁ గృష్ణపై వంతెన 1893లో ముగిసెను. 1899లో బెజవాడకును జెన్నపట్టణమునకును రైలుసంబంధము గలిగెను. మఱుసటియేఁట రాజమహేంద్రవరముకడ గోదావరిపై హేవ్‌లాకు వంతెన తెఱవఁబడఁగాఁ దూర్పుతీరపు మార్గము పూర్తియయ్యెను. ఈ మార్గము లన్నింటిపైఁ దిరిగినది ఆవిరియింజనే.

ఇంజనునకు బొగ్గు ఆహారము. ఆ యాహారమును దెలుఁగునేల తానే యిచ్చుట గమనింపఁదగిన విషయము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు గలదని కనుఁగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను. 1889లో ఇల్లెందుకడ బొగ్గు త్రవ్వుట యారంభమయ్యెను. గనికి రైలు కావలసివచ్చెను, రైలునకు గని కావలసివచ్చెను. బొగ్గును మోయు బండి బొగ్గునే తిని నడచుచుండెను. ఇట్టి యన్యోన్యాశ్రయము శాస్త్రమున దోషమేకాని వ్యాపారమున గుణమయ్యెను. సింగరేణియను చిన్నగ్రామముపేరు దేశమంతట వినఁబడుట కిదియే మూలము.

ఇంజను నడచు విధమును సంక్షేపముగాఁ జెప్పవలెను. అది తెలియనిదే తరువాతి చరిత్రము బోధపడదు. బొగ్గు పొయ్యిలోఁ గాలును. ఆ వేఁడిగాలులు బాయిలరులోని సన్నని గొట్టములగుండఁ బోవుచుఁ జుట్టునున్న నీటిని మరిగించును. పుట్టిన యావిరి యొత్తిడితో సిలిండరులలోని ముషలకములను ముందునకు వెనుకకుఁ ద్రోయును. ఆ చలనము కడ్డీలద్వారమునఁ జక్రములకు సంక్రమించును. పని చేసిన యావిరి పొగగొట్టముగుండ నెగసిపోవుచుఁ దనతోఁ బొగను లాగికొనిపోవును. ఆ లాగుటచేఁ బొయ్యికిఁ గ్రొత్తగాలి చేరి మంట ప్రబలును. బండి యెంత బరువుగా లాగిన నంతగా మంట రేగు నీ యేర్పాటు మిక్కిలి చతురమైనది. అయినను బొగ్గులోని వేఁడిలో నూటికిఁ బదిపాళ్ళయినను బనిలోనికి రాదు. తక్కినది యాకాశము పాలగును. బొగ్గును, నీరును మాటిమాటికిఁ గావలసియుండుట, పొయ్యిలోని బూడిదను దీయవలసియుండుట యను నీరెండు కారణములచే నొక యింజను ఆగక చిరదూరము పోవఁజాలదు.

ఈ యశక్తియే యూళ్ళను బుట్టించినది. నెల్లూరునకుఁ గావలికి నడుమ బిట్రగుంట యను నూరు గలదు. చెన్నపట్టణమునుండి బెజవాడకు సుమారు 430 కిలోమీటరులు. బిట్రగుంట యించుమించుగా నా దూరమునకు నడిమిని గలదు. ఇంజను మార్చుటకు, బొగ్గు నింపుటకు, నీరు పట్టుటకు, బడలిన డ్రైవరును ఫైర్‌మెనులును దిగి క్రొత్తవా రెక్కుటకు నిట్టిచోటే తగినది. అందుచే నక్కడ లోకోషెడ్డు వెలసెను. ఇంజనులను ద్రిప్పు టర్న్‌టేబులును, దానిచుట్టు వర్తులాకారముగా నింజనులు నిలుచు శాలయు, గూడ్సుబండ్ల యార్డును, ఉద్యోగుల నివాసములును నేర్పడెను. రాజధానియుఁ గాక, తీర్థమునుం గాక, రేవునుం గాక, కేవల మింజనుయొక్క దాహమువలన వర్ధిల్లిన యూ రది. మనదేశచరిత్రమున నగరోత్పత్తికిఁ జెప్పఁబడు కారణములలో నిట్టిది చేరలేదు. చేర్చుట యావశ్యకము.

ఇఁక నవసానమును విచారింతము. ఆవిరియింజనులు ముసలివై చచ్చెనని లోకమున నొక యభిప్రాయము గలదు. స్వాతంత్ర్యము వచ్చినతోడనే నూతనయంత్రములు వచ్చి వానిని దరిమెనని మఱియొక యభిప్రాయము గలదు. ఈరెండును సరికావు. 1950-51లో భారతీయరైల్వేలయందు 8,120 ఆవిరియింజనులును, 17 డీజిలు ఇంజనులును, 72 విద్యుదింజనులును గలవు. అంతటితో నాఁగక స్వతంత్రభారత మావిరియింజనులను దానే నిర్మింపఁ బూనుకొనెను. 1950లో బెంగాలునఁ జిత్తరంజనులోఁ గర్మాగార మారంభమయ్యెను. అందుఁ బుట్టిన తొలియింజనునకు దేశబంధువను పేరిడిరి. 1947లో నమెరికానుండి నమూనాలు వచ్చిన 'డబ్ల్యు.పి.' తరగతి యింజనులు గుండునివంటి ముక్కుతో మెయిలుబండ్లను లాగెను. 'డబ్ల్యు.జి.' తరగతివి గూడ్సుబండ్లను లాగెను. మీటరుగేజికి 'వై.పి.', 'వై.జి.' తరగతు లేర్పడెను. దేశమున బొగ్గు విస్తారముగా నుండుట, చమురు విదేశములనుండి రావలసియుండుట, పనివారికి నీవిద్య యలవడియుండుట యిందులకుఁ గారణములు. చిత్తరంజనులోఁ దుదిబ్రాడ్‌గేజి యావిరియింజను 1970లోఁ బుట్టెను. దానికి 'అంతిమ సితార' యని పేరు. అచటనే తుది మీటరుగేజి యింజను 1972లోఁ బుట్టెను. అంతటితో నీవంశమున జననము ముగిసెను.

ఇచట నొక విశేషమును గుర్తింపవలెను. ఆవిరియింజను సరిగాఁ గాపాడినచో నలువదియేండ్లు పని చేయఁగలదు. 1970లోఁ బుట్టినది 2010 వఱకు నడువవచ్చును. అట్లుండియు 1995 నాఁటికే బ్రాడ్‌గేజిపై నావిరి ముగిసెను. అనఁగాఁ బెక్కింజనులు నడివయసుననే యినుపతుక్కుక్రిందఁ బోయెను. వాని నశింపఁజేసినది వార్ధక్యము గాదు, గణితము. 1961లో నెలకొల్పఁబడిన వారణాసి డీజిలు కర్మాగారమునుండి 1964 మొదలు ఇంజనులు రాసాగెను. డీజిలు ఇంజను తన యింధనములోని శక్తిలో నూటికి ముప్పదిపాళ్ళు పనిలోనికిఁ దెచ్చును. దానికి దారిలో నీటితో బనిలేదు. పొయ్యి రాఁజుటకుఁ గొన్నిగంటలు కాచుకొనవలసిన యావశ్యకమును లేదు. 1973లో లోకమునఁ జమురువెల పెరిగినప్పుడు బొగ్గునకు మరల నొకింత గౌరవము గలిగినను, ఫలము మాఱలేదు. విద్యుచ్ఛకటము రెంటిని మించి నిలిచెను. 1990-91లో నావిరియింజనులు 2,915కు దిగెను. డీజిళ్ళు 3,759కిని విద్యుదింజనులు 1,743కిని బెరిగెను. నలువదియేండ్లలో సంఖ్యలు తలక్రిందులయ్యెను.

నాశమునకును నొక క్రమము గలదు. మొదట మెయిలు, ఎక్స్‌ప్రెసుబండ్లనుండి యావిరి తొలఁగెను. పిమ్మట ప్యాసింజరులనుండియు, గూడ్సునుండియుఁ దొలఁగెను. తుదకు యార్డులలోఁ బెట్టెలను ముందునకు వెనుకకుఁ ద్రోయు షంటింగుపని మిగిలెను. ప్రధానమార్గమునఁ బోయినది శాఖామార్గమునఁ దలదాఁచుకొనెను. బ్రాడ్‌గేజినఁ బోయినది మీటరుగేజిలోఁ గొన్నాళ్ళు నిలిచెను. 1966 అక్టోబరు 2వ తేదీన సికిందరాబాదు కేంద్రముగా దక్షిణమధ్య రైల్వే యేర్పడిననాఁటికిఁ దెలుఁగునేల నావిరియే ప్రబలము. 1980 ప్రాంతమున బెజవాడచెన్నపట్టణముల నడుమ విద్యుత్తు వచ్చెను. 1992లో నన్నిమార్గములను నొకే కొలఁతకుఁ దెచ్చు నుద్యమ మారంభము గాఁగా మీటరుగేజియను తుదియాశ్రయమును సడలెను. 1995 డిసెంబరు 6వ తేదీన పంజాబున జలంధరుఫిరోజుపురముల నడుమ బ్రాడ్‌గేజిపై నావిరిబండి కడసారి నిత్యప్రయాణము చేసెను. ఇపుడు డార్జిలింగునందును, నీలగిరులయందును వేడుకకై వచ్చువారికొఱకు నావిరి నిలిచియున్నది. 1855లో నిర్మింపఁబడిన 'ఫెయిరీ క్వీన్' ఇంజనును 1997లో మరల నడిపిరి. ఇవి స్మారకములు, జీవనములు గావు.

విద్యుచ్ఛకటము చెన్నపట్టణమున బయలుదేఱి బెజవాడవఱకు దాహ మెఱుఁగక పోవును. కావున నడిమియూరితో దానికిఁ బనిలేదు. ఏగుణము యంత్రమునకు శ్లాఘ్యమో, ఆ గుణమే బిట్రగుంటకు శాపమయ్యెను. ఇంజను మార్చుట యాఁగెను, షెడ్డు మూఁతపడెను, నివాసములు పాడువడెను. యంత్రచరిత్రమును వ్రాయువారు శక్తి పెరిగెనని వ్రాసి విరమింతురు. ఊరిచరిత్రమును వ్రాయువాఁడు ఆ వాక్యముయొక్క శేషమును గూడ వ్రాయవలెను.

ఇఁక శబ్దవిచారము. ధూమశకట మనునది ధూమముతోఁ గూడిన శకటమని మధ్యమపదలోపిసమాసము. లోకులు దానినే పొగబండి యనిరి. పండితుని మాటయుఁ బామరుని మాటయు నిచట నొక్క తెన్నుననే నడచెను. అయితే యీపేరు మొదటినుండియు యథార్థమా? బండిని లాగినది పొగ గాదు, ఆవిరి. గొట్టమునుండి తెల్లఁగా నెగసినది చాలవఱ కావిరియే. నల్లనిపొగ దట్టముగా వచ్చుట బొగ్గు సరిగాఁ గాలలేదనుటకు గుర్తు. నేర్పరియైన ఫైర్‌మెను బొగ్గును బలుచగా, సమముగాఁ జల్లి పొగను దగ్గించెడివాఁడు. పర్వతమునఁ బొగను జూచి తార్కికుఁడు నిప్పు నూహించును. లోకోషెడ్డులోని పెద్దలు పొగను జూచి పనివాని నేరమి నూహించెడివారు. అనఁగా మన మాబండికి దాని గుణమును బట్టి గాక దోషమును బట్టి పేరిడితిమి. చూచువానికిఁ గనఁబడిన దదియే. లోకమునఁ బేళ్ళు పుట్టు మార్గమును నదియే.

కావున నర్థము నశించినది గనుకఁ బదమును దొలఁగింపవలెననువాదము నిలువదు. పేరు పుట్టిననాఁడే యర్థము సంపూర్ణముగా నుండలేదు. మఱియుఁ గుశలుఁడనఁగా దర్భలు గోయువాఁడని యవయవార్థము, నేర్పరి యని రూఢ్యర్థము. ప్రవీణుఁడనఁగా మొదట వీణయందు నేర్పుగలవాఁడు. తైలము తిలలనుండి వచ్చినది, ఆముదపునూనెకును జెల్లుచున్నది. దర్భలు గోయనివానిని గుశలుఁడని పిలుచుటకు మన మెన్నఁడును సంకోచింపలేదు. ధూమశకటపదము నొకప్పుడు యోగరూఢము, ఇపుడు కేవలరూఢము. ఇది పదములకు సహజమైన వయోధర్మము. కావలిలేని రైలుదాఁటుచోటులకు ముందు నిలిపిన హెచ్చరికపలకపైఁ బొగగొట్టముగల యింజనుబొమ్మయే యింజనులు పోయినతరువాతను నుండెడిది. బండి దానివలె లేదని దారిపోవువాఁడు నిలువక పోలేదు గదా!

అయినను బదమును నిలుపవలెననువారు సంతసించి యూరకుండరాదు. ధూమశకటము నిఘంటువుల కెక్కినది. దానికి భయము లేదు. భయమంతయు నిఘంటువుల కెక్కని మాటలకు. డ్రైవరును, ఫైర్‌మెనును, కలాసియుఁ దమలోఁ దాము వాడుకొన్న తెలుఁగు గలదు. మంట రంగును, బొగ్గు తీరును, ఆవిరి యొత్తిడిని, ఇంజనుయొక్క మొండితనమును జెప్పుటకు వారు కొన్నిమాటల నింగ్లీషునుండి విఱిచికొనిరి, కొన్నిటిని హిందీనుండి తెచ్చికొనిరి, కొన్నిటిని వంటయింటినుండియుఁ గమ్మరికొలిమినుండియుఁ గైకొనిరి. ఏ పండితపరిషత్తును వారికిఁ దోడుపడలేదు. ఆ మాటలు పనితోఁ బుట్టినవి, పనివారితోఁ బోవును. 1980 ప్రాంతమున నిరువదియేండ్ల ప్రాయమునఁ బొయ్యిముందు నిలిచినవారికే యిపుడు షష్టిపూర్తి దాఁటినది. శాసనములకై కొండలెక్కు మనము, తాళపత్రములకై యూరూరఁ దిరుగు మనము, రైలుకాలనీలోని వృద్ధునియింటి యరుఁగుపై నొకసాయంకాలము గూర్చుండుట కేల జాగు సేయవలెను? శాసనము మఱి నూఱేండ్లు నిలుచును. ఆతఁడు నిలువఁడు.

బిట్రగుంట, గుంతకల్లు, కాజీపేట, బెజవాడ, డోర్నకలు మొదలగు రైలుకూడళ్ళలోను వాని చేరువలోను బనిచేయు పాఠశాలాపండితులకు నా విన్నప మిదియే. ధూమశకటము పాఠమున వచ్చిననాఁడు పర్యాయమును వల్లింపించి విడువక, అది యేల నాపేరు గాంచెనో, ఆపేరు ఎంతవఱకు నిజమో చెప్పుఁడు. పిదప బాలురను దమతాతలకడకుఁ బంపి, యింజనుపనిలోని మాటలను, అర్థములతో, వాడినచోటుతో వ్రాసి తెమ్మనుఁడు. ఒకతరగతి తెచ్చినది పదిమాటలే యైనను జాలును. "ఈ బండికిఁ బొగ యెక్కడ?" అని యడిగిన బాలునకు సరియైన యుత్తరము వానియింటనే, వానితాతకడనే యుండవచ్చును.