పొయ్యి ప్రక్కన పెరిగిన తత్త్వము

పారిసు నగరమున, సేన్ నదికి ఎడమగట్టున, సాఁ జెర్మాఁ చర్చికి కూతవేటు దూరమున ‘ఫ్లోర్’ అను కాఫీ హోటలు కలదు. 1940 జూన్‌లో జర్మను సేనలు నగరమును ఆక్రమించిన పిమ్మట బొగ్గు దుర్లభమై, అద్దెగదులలో వ్రేళ్లు కొంకర్లు పోవు చలి ప్రబలగా, ఆ హోటలు యజమాని పాల్ బూబాల్ వెలిగించిన పెద్ద పొయ్యియే అనేక రచయితలకు శరణ్యమయ్యెను. సిమోన్ ద బొవార్ తెల్లవాఱగనే వచ్చి, పొయ్యిగొట్టమునకు చేరువనున్న బల్లను దక్కించుకొని వ్రాసికొనుచుండెడిది. జర్మనుల చెఱనుండి 1941లో విడుదలయి వచ్చిన జాఁ పాల్ సార్త్ర్ కూడ అచటనే కూర్చుండి, 1943లో వెలువడిన ‘సత్త, శూన్యము’ అను ఏడువందల పుటల ఉద్గ్రంథమునందు చాలభాగము వ్రాసెను.

ఆ గ్రంథమున ఒక సర్వరు కనబడును. వాని నడక అవసరమునకు మించి చుఱుకు. వంగుటలో వినయము ఒక పాలు ఎక్కువ. చేతిలోని పళ్లెము ఒరిగినట్లే ఒరిగి మరల నిలుచును. వాడు సర్వరు వేషము కట్టుచున్నాడని సార్త్ర్ గ్రహించెను. బల్ల బల్లయై యున్నట్లు మనుజుడు సర్వరై యుండజాలడు. ఉండగలనని తన్ను తాను నమ్మించుకొనుటయే ఆత్మవంచన. గద్దెలపై గంభీరముగ కూర్చుండువారిని చూచినప్పుడెల్ల నాకీ పళ్లెము జ్ఞప్తికి వచ్చును.

ఈ చింతనకు మూలములు పాతవి. శతాబ్దమునకు పూర్వమే కోపెన్‌హాగెన్‌లో కీర్కెగార్డ్ ఏకాకి మానవుని వ్యాకులతను గూర్చి వ్రాసియుండెను. 1927లో హైడెగర్ మరణాభిముఖమైన ఉనికిని విచారించెను. అస్తిత్వవాదమను పేరును సార్త్ర్‌కు తగిలించినవాడు గాబ్రియేల్ మార్సెల్. సార్త్ర్ మొదట దానిని త్రోసిపుచ్చి, పిదప ఒప్పుకొనెను. రచయిత కామూ ఆ పేరును ఎన్నడును ఒప్పుకొనలేదు.

1945 అక్టోబరు 29వ తేదీన సార్త్ర్ ఉపన్యసించిన సభలో జనసమ్మర్దమునకు కుర్చీలు విఱిగినవట. కాగితములు కోయు కత్తిని చేయువానికి దాని ప్రయోజనము ముందుగనే తెలియును గాని, మనుజుని అట్లు సంకల్పించి చేసినవాడు లేడు కనుక, వాని ఉనికి మొదటిది, స్వభావము తరువాతిది, ఆ స్వభావమును తన చేతలచే తానే కల్పించుకొనవలెనని ఆయన చెప్పెను. ఆక్రమణకాలమున తన్నొక శిష్యుడు సలహా యడిగిన కథయు వినిపించెను. అన్న యుద్ధమున హతుడు, తండ్రి శత్రుపక్షపాతి, తల్లికి ఈ కుమారుడొక్కడే దిక్కు. ఇంగ్లండు చేరి స్వతంత్ర ఫ్రెంచి సేనలో కలియుటయా, తల్లికడనే నిలుచుటయా? నీవు స్వతంత్రుడవు, నీవే ఎంచుకొనుము అనుటయే గురువు ప్రత్యుత్తరము. దీనిని దాటవేత యన్నవారున్నారు. నాకట్లు తోపదు. అర్జునునకు సారథి కలడు. ఈ బాలునకు లేడు, లేడని నిజము చెప్పుటయే గురువు చేయదగిన ఉపకారము.

యుద్ధానంతరము సాఁ జెర్మాఁ పేట నేలమాళిగలలో తెల్లవార్లు జాజ్ వాద్యమునకు నాట్యమాడిన యువకులను పత్రికలు అస్తిత్వవాదులని పిలిచినవి. స్వేచ్ఛ వారికి రుచించెను. దానితోడి బాధ్యత ఎందఱికి రుచించెనో సందేహమే. 1948లో రోము మతపీఠము సార్త్ర్ రచనలను నిషిద్ధగ్రంథముల పట్టికలో చేర్చెను.

2000లో సాఁ జెర్మాఁ చర్చి ముందరి కూడలికి సార్త్ర్, బొవార్‌ల పేర్లు పెట్టిరి. సర్వరు పేరు మాత్రము, వాడు ఏ హోటలువాడో కూడ, సార్త్ర్ వ్రాయలేదు.